వెనక కూర్చునేవారి పేరు

తిరుపతి నుంచి రేణిగుంట వెళ్ళే దారిలో 'గువ్వ' బ్యాటరీ స్కూటర్ల షోరూం ఒకటి ఉంది. కింద బండ్లు, మేడ మీద ఒక గది. ఆ గదిలో కూర్చుని రూపశ్రీ కంపెనీ వెబ్‌సైటు చూసుకునేది. ఏ బొమ్మ ఎక్కడ పెట్టాలి, ఏ ప్రకటన ఏ ఊరివాళ్ళ ఫోన్లలో కనపడాలి, అంతా ఆమె పనే.

ఆషాఢం. మనవైపు ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తెచ్చుకోరు కదా, షోరూం బోసిగా ఉంది. అలాంటి రోజుల్లోనే శ్రావణానికి కొత్త పేజీ తయారుచేసుకోవాలి. సాయంత్రం ఆరు దాటింది. ఆకాశం మబ్బు పట్టి ఉంది. మెట్ల మీదుగా కొత్త టైర్ల వాసన పైకి వస్తోంది.

మేనేజరు గిరిప్రసాద్ తలుపులోంచి తొంగిచూశాడు.

"ఏమ్మా రూపా, మీ తమ్ముని ఫొటో ఇంకా ఉండాదే! పోయినోళ్ళను చూపించి బండ్లమ్మితే ఎవురు కొంటారు? మనకు ఆషాఢం చాలదనా?" అని, అంతలోనే నాలుక కరుచుకుని, "తప్పుగా అనుకోవద్దు తల్లీ," అన్నాడు.

"తీసేస్తా సార్."

"ఏమైనా తిను ముందు. మొహం చూడు, పీక్కుపోయుండాది."

షట్టరు దించి ఆయన వెళ్ళిపోయాడు. మేడ మీదివాళ్ళు బయటికి పోవడానికి పక్క మెట్లున్నాయి.

వెబ్‌సైటు మొదటి పేజీలో ఉన్నది ధనంజయ. కొత్త బండి పక్కన నిలబడి నవ్వుతున్నాడు. ఫొటోకు మనిషి దొరక్క అప్పట్లో ఆమే తమ్ముణ్ణి పిలిచి నిలబెట్టింది. మూడు నెలల కిందట పూతలపట్టు దగ్గర అతని బండిని లారీ గుద్దింది. రూపశ్రీ ఇంతవరకూ ఏడవలేదు. ఎందుకో ఏడుపు రాలేదు.

ఒక్క నొక్కు నొక్కింది. బొమ్మ పోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఎవరైనా పేజీ తెరిస్తే, వాళ్ళ మౌస్ బాణం గుర్తు ఎటు తిరుగుతోందో వెబ్‌సైటు నడిపేవాళ్ళకు తమ తెర మీద కనపడుతుంది. ఆ సాయంత్రం చూస్తున్నది ఒక్కరే. ఊరు చిత్తూరు.

బాణం కదలడం లేదు. ఖాళీ తెల్లదనం మీద, ధనంజయ మొహం ఉన్న చోటే నిలబడింది.

రూపశ్రీ అమ్మకు ఫోన్ చేసింది.

"మా, మన సైటు చూస్తా ఉండావా?"

"ఫోను చెవి కాడ పెట్టుకోని యాడ చూసేది మే? పప్పు పొయ్యి మింద ఉండాది. నువ్వు తిన్న్యావా?"

"తింటా మా."

చిత్తూరులో అద్దె గదిలో ఒంటరిగా ఉన్న అమ్మ దేవకమ్మను వచ్చే ఆదివారం తన దగ్గరికి తెచ్చుకోవాలి. రూపశ్రీకంటూ ఇక మిగిలింది ఆ గొంతొక్కటే.

ఫోన్ పెట్టేసింది. బాణం కదిలింది.

మెల్లగా... కిందికి... బండి నడిపి చూడాలనుకునేవాళ్ళు నింపే ఫారం దగ్గర ఆగింది.

పేరు: ధనంజయ.

సమయం: ఇప్పుడే.

తర్వాతి గడి 'వెనక కూర్చునేవారి పేరు'. ఇద్దరొస్తే బండి అమ్ముడైనట్టే అని రూపశ్రీయే పెట్టించిన గడి అది. నింపకపోతే ఫారం ముందుకు పోదు.

బాణం ఆ గడిని వదిలేసి, పంపించే మీట నొక్కింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. 'ఈ గడి తప్పనిసరి.'

మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఎరుపు.

మళ్ళీ...

ఒంటరిగా పోదామనే చూస్తున్నాడు.

ఆ నిబంధన తీసేయడానికి అర నిమిషం చాలు. రూపశ్రీకి తెలుసు. అయినా చెయ్యి లేవలేదు. తన పేరే పడుతుందనుకుంది. పడితే పడనీ అనిపించింది.

గడిలో ఒక అక్షరం పడింది.

దే...

పక్కన ఇంకొకటి. దేవ...

మూడు నెలల తర్వాత మొదటిసారి ఆమెకు భయం వేసింది. గడి తీసేసింది. ఫారం తీసేసింది. పేజీ మొత్తం మూసేసింది. తెర మీద ఇప్పుడు చూసేవాళ్ళు ఎవరూ లేరు.

అమ్మకు ఫోన్ చేసింది. చాలాసేపు మోగింది. ఎత్తారు. హోరుమని గాలి.

"మా! యాడుండావు?"

"రోడ్డు మింద మే..." గుసగుసగా అంది దేవకమ్మ. "పొయ్యి ఆపేసినాలే."

"ఎవురితో పోతా ఉండావు?"

గాలి...

"బండి తోలేటప్పుడు మాట్లాడొద్దంటా ఉండాడు."

ఫోన్ తెగిపోయింది.

చిత్తూరు నుంచి తిరుపతికి ఎంత వేగంగా వచ్చినా గంటన్నర పడుతుంది. రోడ్డు మీద ఉన్నానని అమ్మ అని నిమిషం కూడా కాలేదు. రూపశ్రీ మళ్ళీ అదే నంబరు నొక్కింది.

అమ్మ ఫోను మోగింది.

కింద... దించిన షట్టరు లోపల.