క్లచ్చి లేని కారు

రాయ్‌పూర్ గుఢియారీలో రైలుగేటు పక్క మేడమీద డిటెక్టివ్ రామమూర్తి టీ తాగుతుండగా ఒకావిడ పరుగున మెట్లెక్కి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"నా పేరు దాలమ్మండి. మా మావని పోలీసోళ్ళు థానాకి వొట్టుకెళ్ళిపోనారు బాబూ. మధ్యాన్నం కోర్టుకట. కావాలనే గుద్దినాడని మాలిక్ సెప్తే ఇంక జైలే."

ఆమె భర్త దానయ్య, మోవాలో ఉండే కంట్రాక్టరు బంగారయ్య దగ్గర డ్రైవరు. ఆమె మాలిక్ అన్నది ఆ యజమానినే. కారు అమెరికా బండి. క్లచ్చి ఉండదు, గేర్లు వాటంతటవే మారతాయి. 1954లో రాయ్‌పూర్‌లో అలాంటి బండి వస్తే జనం ఆగి చూసేవారు. ఆ ఉదయం దానయ్య బంగారయ్య తల్లిని మాఘస్నానానికి రాజిం నదీసంగమానికి తీసుకెళ్ళాలి. బంగారయ్య ఇంటి గేటు తీస్తుండగా కారు ముందుకు దూకి అతని కాలు విరగ్గొట్టింది. ముందురోజు సాయంత్రమే అతను దానయ్యను నలుగురిలో చెంపమీద కొట్టాడు. పోలీసులకు అంతకంటే ఏం కావాలి?

"ఎందుకు కొట్టాడు?" అన్నాడు రామమూర్తి.

దాలమ్మ తలెత్తింది. ఆ మాట ఇంతవరకు ఎవరూ అడగలేదు.

"గేరు సరిగ్గా పట్టట్నేదు, రేపు గాడీ తియ్యొద్దన్నాడట బాబూ. పనికి బద్ధకమై సాకులు సెప్తున్నావని కొట్టినాడు."

"దెబ్బ తినకముందే గేరు పట్టట్లేదన్నవాడు అబద్ధమెందుకు ఆడతాడు?"

సహాయకుడు వెంకటస్వామి అప్పటికే సైకిళ్ళు బయటకు తీశాడు. తనకెందుకు ఇలాంటి ప్రశ్నలు తట్టవో అతనికి ఎప్పుడూ అర్థం కాదు.

థానాలో దానయ్య కటకటాలు పట్టుకుని జరిగింది చెప్పాడు. "మొన్నటిదాకా వెన్నలాగ పోయేది బాబూ. నిన్న సాయంత్రం లీవరేస్తే కదల్నేదు. ఇంకాస్త తొక్కితే ఒక్కపాలి ఉరికింది. గేరునూనె తగ్గిందేమోనని లాంతరెట్టి కొలపుల్ల చూసినాను, నిండుగానే ఉంది. ఈ పొద్దూ అంతే. ఎదర ఆయనున్నాడు, బ్రేకు తొక్కేలోపు..."

"పెద్దావిడ కారులో తిరుగుతారా?"

"మాఘం వచ్చినకాడ్నించి ఎక్కనేదు. ఈ పొద్దే ఎక్కుతానన్నారు."

మోవాలో కారుషెడ్డు నేలమీద పాత ఎర్రమరకలు ఉన్నాయి. వాటి పక్కనే జిడ్డుగా, లేతపసుపుగా కొత్తమరక. రామమూర్తి గేరునూనె కొలపుల్ల తీసి వెంకటస్వామి ముక్కు దగ్గర పెట్టాడు. వెంకటస్వామికి చిన్నప్పటి కడుపునొప్పులన్నీ గుర్తొచ్చాయి.

ఇంట్లో దేవుడి దగ్గర దీపం వెలగడం లేదు. అడిగితే, "ఆముదం నిండుకుంది బాబూ" అంది బంగారయ్య తల్లి అప్పలనరసమ్మ. కారు ఎవరు ముట్టుకున్నారంటే ఎవరికీ తెలియదట. పక్కింటి రామయ్య రైల్వే షెడ్డులో ఫిట్టరు, ఆ ఇంట్లో ఏది పాడైనా బాగుచేసేది అతనే. అతనికీ తెలియదట. అందరూ శాకాహారులే, రొయ్యల బుట్ట మాయం.

కోర్టు వేళ దగ్గరపడుతోంది. బంగారయ్య మంచం చుట్టూ రామమూర్తి అందరినీ కూర్చోబెట్టాడు. దాలమ్మ గుమ్మంలో నిలబడింది. బంగారయ్య వాంగ్మూలం రాసుకోవడానికి థానా నుంచి వచ్చిన ఇన్‌స్పెక్టరు కలం తీశాడు.

"ఈ కారులో గేరు మార్చేది మనిషి కాదు, నూనె," అన్నాడు రామమూర్తి. " పల్చటి ఎర్రనూనె ఒత్తిడికి లోపలి పట్టీలు బిగుస్తాయి. దాన్ని తీసేసి ఎవరో ఆముదం పోశారు. చలికి అది మరీ చిక్కబడి నెమ్మదిగా నడుస్తుంది. బండి కదలకపోతే డ్రైవరు ఇంకా తొక్కుతాడు. అప్పుడు పట్టీ పట్టుకుంటే బండి దూకక ఏం చేస్తుంది? రామయ్యా, అమ్మగారు అడిగితే కాదనలేకపోయావు కదూ?"

రామయ్య తలవంచాడు. "రైలుపెట్టెల ఇరుసులకి మేం ఆముదమే పోసేవోళ్ళం బాబూ. అంతకన్నా మంచి నూనె నేదనుకున్నాను. పిన్ని ఎవరికీ సెప్పొద్దంది."

అప్పలనరసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మాఘంలో నీచు ముట్టను. ఆ ఎర్రనూనె తిమింగలం కొవ్వట, దాని మీద కూసుని తానానికెలా వెళ్తాను బాబూ? నా వల్లే కాలిరిగిందని తెలిస్తే నా కొడుకు నా మొకం సూస్తాడా అని నోరిప్పనేదు."

"తిమింగలం కొవ్వని ఎవరన్నారు?" అన్నాడు రామమూర్తి.

"నేనే," అన్నాడు బంగారయ్య. "ఏడిపిద్దామని అన్నాను."

ఇన్‌స్పెక్టరు విసుగ్గా, "ఇంతకీ తప్పెవరిదని రాయమంటారు?" అన్నాడు.

బంగారయ్య తల్లి వైపు చూశాడు. "ఎవరిదీ కాదు. ప్రమాదమని రాసెయ్యండి."

"అలాగంటే కుదర్దు బాబూ," అంది దాలమ్మ. "పేరు నేకపోతే దానయ్యే గుద్దినాడని బస్తీ అంతా అంటాది. రేపు ఏ మాలిక్ మావోడికి గాడీ ఇస్తాడు? పేరు రాయించండి."

అప్పలనరసమ్మ కళ్ళు మూసుకుంది.

"నా పేరు రాయండి," అన్నాడు బంగారయ్య. "బండి తియ్యొద్దని డ్రైవరు చెప్పాడు. చెప్పినందుకు కొట్టాను. అదీ రాయండి."

ఇన్‌స్పెక్టరు రాసి చదివి వినిపించేవరకు దాలమ్మ అక్కడినుంచి కదల్లేదు. తర్వాత ఎవరికీ దండం పెట్టకుండా థానా వైపు నడిచింది.