'తెలియదు' అనకూడని యంత్రం

ఆ ఉదయం లక్షో ఒలింపిక్స్ ముగిసేసరికి డాక్టర్ హైమవతి చేతిలో టీ చల్లారిపోయింది.

అసలు ఒలింపిక్స్‌కి ఇంకా నాలుగేళ్లుంది. ఇవి 'తులన' లోపల జరిగినవి. హైదరాబాద్ శివార్లలో జాతీయ క్రీడా నిధుల మండలి కట్టించిన ప్రయోగశాలలో, ఒక పెద్ద గది నిండా పేర్చిన కంప్యూటర్లన్నిటికీ కలిపి తులన అని పేరు. దేశంలోని ఆటగాళ్ల ఎముకల కొలతలు, కండరాల బలం, గుండె వేగం, శిక్షకుల అనుభవం, పోటీకి వచ్చే ఇతర దేశాలవాళ్ల వయసులు అన్నీ దానిలోకి వెళ్తాయి. అది ఆ మనుషులందరికీ నకళ్లు తయారుచేసి, వాళ్లచేత పోటీలు ఆడిస్తుంది. లక్షసార్లు ఆడిస్తుంది. ఏ ఆట మీద పెట్టిన రూపాయి ఎన్నిసార్లు పతకమై తిరిగొచ్చిందో లెక్క తీస్తుంది. ఆ లెక్కనిబట్టి ప్రభుత్వం ఆటలకి డబ్బు పంచుతుంది.

అంతకుముందు ఆ పంపకం ఎలా జరిగేదో అందరికీ తెలిసిందే. మంత్రిగారి అల్లుడు ఏ ఆట సంఘానికి అధ్యక్షుడైతే ఆ ఆటకి డబ్బు. మిగిలినవాళ్లకి దండలు, ఉపన్యాసాలు. ఆ దరిద్రం వదిలించాలనే హైమవతి తన నడివయసంతా ఈ యంత్రం మీద పెట్టింది.

ఫలితాలు తెర మీదకి వచ్చాయి. పైన నాలుగైదు ఆటలు స్పష్టంగా ఉన్నాయి, వీటికి డబ్బిస్తే పతకం వస్తుందని. అడుగున కొన్ని అంతే స్పష్టంగా ఉన్నాయి, ఎంత పోసినా రాదని. మధ్యలో ఉన్న ఆటల ఎదురుగా మాత్రం తులన ఏ అంకే వెయ్యలేదు. దేశంలో ఆడే ఆటల్లో సగం అక్కడే ఉన్నాయి.

మండలి కార్యదర్శి రఘునందన్ ఆ తెర ముందు నిలబడి కళ్లజోడు సర్దుకున్నాడు.

"ఇక్కడంతా ఖాళీ ఏమిటి?"

"ఖాళీ కాదండీ. తెలియదు అని అర్థం" అంది హైమవతి. "వీటిలో ఏది ముందో ఏది వెనకో చెప్పడానికి సమాచారం చాలదు. వీటన్నిటికీ సమానంగా ఇవ్వడం న్యాయం."

"సమానంగా పంచడానికి యంత్రం ఎందుకమ్మా? గుమాస్తా చాలడా?"

"సైన్సులో తెలియదు అన్నది కూడా ఒక జవాబేనండీ."

"సైన్సులో అయ్యుండొచ్చు. పార్లమెంటులో కాదు." రఘునందన్ గొంతు పెంచలేదు. "అందరికీ సమానంగా ఇస్తే ఎవరికీ చాలదు. అది మీకూ తెలుసు. సగం ఆటలకి గట్టిగా ఇవ్వాలి, సగం మానెయ్యాలి. ఏ సగం అన్నది మేం చెబితే పక్షపాతం అంటారు. యంత్రం చెబితే ఎవరూ నోరెత్తరు. మీకు ఇబ్బందైతే చెప్పండి, పాత పద్ధతే పెట్టుకుందాం. అల్లుళ్లు కాచుకుని కూచున్నారు."

ఆ చివరి మాట పట్టుకుని హైమవతి ఇంటికెళ్లింది. రెండు రోజులు ఆలోచించింది. లాటరీకి అల్లుళ్లుండరు కదా, కనీసం ఆ పాపం ఉండదు కదా అనుకుంది. తులనకి ఒక చిన్న ఆదేశం జోడించింది: తెలియని చోట చీటీలు వెయ్యి.

తులన రెప్పపాటులో చీటీలు వేసింది. తెడ్డు పడవల పందెం కనోయింగ్, కత్తియుద్ధం ఆట ఫెన్సింగ్ లాంటివి కొన్ని పైకి వెళ్లాయి. డైవింగ్, జూడో, హ్యాండ్‌బాల్ కిందికి పోయాయి. అంకెలు లేకపోతే ఎవరూ నమ్మరని రఘునందన్ అంటే, హైమవతి ప్రతి ఆట ఎదురుగా దశాంశం తర్వాత మూడు స్థానాల వరకు అంకె కనబడేలా చేసింది. చూసినవాళ్లకి అది చీటీ అని అనుమానం కూడా రాదు.

డబ్బు ఆగిపోయిన ఆటలవాళ్లకి కారణాలు వివరించి రమ్మని మండలి హైమవతినే ఊరూరా పంపింది. అలా ఆమె విశాఖపట్నం వెళ్లింది.

అక్కడ సూరిబాబు అనే డైవింగ్ శిక్షకుడు ఉండేవాడు. ఒకప్పుడు ఫిషింగ్ హార్బర్ జట్టీ మీంచి పడవల మధ్యకి దూకుతున్న ఓ జాలారి పిల్లని చూసి, వాళ్లమ్మని బతిమాలి, ఈతకొలనుకి తీసుకొచ్చాడు. ఆ పిల్ల పేరు మైలపల్లి నూకరత్నం. తల్లి చేపల గంప మోస్తుంది. తండ్రి వేటకి వెళ్లి తిరిగి రాలేదు. హైమవతి వెళ్లేనాటికి రత్నానికి పంతొమ్మిదేళ్లు. పది మీటర్ల ప్లాట్‌ఫారం మీంచి దూకడంలో దేశంలో ఆమెకి సాటి లేరు.

కొలను గట్టు మీద కుర్చీలు వేశారు. హైమవతి పక్కన మండలి అధికారులు ఇద్దరు కూచున్నారు. ఆమె యంత్రం ఎలా పనిచేస్తుందో చెప్పడం పూర్తిచేశాక సూరిబాబు లేచాడు.

"మేడం, మా రత్నం గుంట దూకడం మీ మిషను సూసిందాండీ?"

"ఆ అమ్మాయి కొలతలన్నీ చూసిందండీ."

"కొలతలు కాదండీ. దూకడం."

రత్నం అప్పటికే మెట్లెక్కుతోంది. పైన అంచు మీద నీళ్లకి వీపు పెట్టి, మడమలు గాలిలో ఉంచి నిలబడింది. మరుక్షణం మనిషి గాల్లో చుట్ట చుట్టుకుని, విప్పుకుని, సూదిలా నీళ్లలో దిగిపోయింది. చుక్క పైకి లేవలేదు. మండలి అధికారి ఒకడు చప్పట్లు కొట్టబోయి, పక్కవాణ్ణి చూసి మానేశాడు.

రత్నం ఈదుకుంటూ వచ్చి గట్టు మీద మోచేతులు ఆన్చింది.

"ఇప్పుడు సెప్పండి మేడం. నాకు పతకం వస్తాదా, రాదా? మీ మిషను ఏటి సెప్పిందో అదే సెప్పండి. నేను ఏడవను."

అధికారులు హైమవతి వైపు చూస్తున్నారు. తెలియదు అంటే చాలు. ఆ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట అంటే ఇక్కడొక్కచోటే ఆగదు, అన్ని ఊళ్లలోనూ అనాలి. అల్లుళ్లు మళ్లీ వస్తారు.

"రాదమ్మా" అంది.

అన్నట్టే రత్నం ఏడవలేదు. ఏడ్చింది సూరిబాబు. కొలనులోంచి పైకి వచ్చిన పిల్ల ముందు రెండు చేతులూ జోడించాడు. "తల్లీ, నీ సిన్నతనమంతా పాడుసేసీసాను. వస్తాదనే నమ్మాను. తెలీక సేసానమ్మా, నన్ను సెమించు" అన్నాడు. రత్నం ఆయన చేతులు విడదీయబోతే విడదీయనివ్వలేదు.

ఆయన మళ్లీ ఆ గట్టు ఎక్కలేదు. తన దగ్గర నేర్చుకున్న పాత పిల్లల ఇళ్లకి కూడా వెళ్లి ఇలాగే చేతులు జోడించి వచ్చాడని తర్వాత తెలిసింది. కొలనులో నీళ్లు తోడేసి, పైన చెక్కలు పరిచి, ఫంక్షన్లకి అద్దెకిచ్చారు. ప్లాట్‌ఫారం మీంచి సీరియల్ బల్బులు వేలాడదీశారు. రెండేళ్లు తిరక్కుండా సూరిబాబు గుండెపోటుతో పోయాడు. ఊళ్లో పిల్లల్ని మోసం చేశానన్న మాట తప్ప చివరి రోజుల్లో మరో మాట మాట్లాడలేదట.

ఆ ఒలింపిక్స్‌లో కనోయింగ్‌లో రెండు పతకాలొచ్చాయి, ఫెన్సింగ్‌లో ఒకటి. దేశమంతా టపాకాయలు కాల్చింది. పతకాలు గెలిచినవాళ్లతో పాటు హైమవతినీ ఓపెన్ జీపులో ఊరేగించారు. సున్నాలోంచి పతకాన్ని చూసిన యంత్రం అని పత్రికలు రాశాయి.

తర్వాతి పంపకానికి తులన మళ్లీ లక్ష ఒలింపిక్స్ ఆడింది. ఈసారి ఒక్క ఆట ఎదురుగా కూడా 'తెలియదు' రాలేదు. కనోయింగ్ పతకం ఖాయం. డైవింగ్ ఎన్నటికీ కాదు.

హైమవతికి ఏం జరిగిందో అర్థమైంది. చీటీ తగిలిన ఆటలకి డబ్బొచ్చింది. డబ్బు వెనక మంచి శిక్షకులొచ్చారు, పిల్లలు వందల్లో చేరారు, వాళ్లలో గట్టివాళ్లు తేలారు, గెలిచారు. చీటీ తగలని ఆటల్లో ఆడేవాళ్లే మిగల్లేదు. ఇదంతా కొత్త సమాచారంగా తులనలోకి వెళ్లింది. లాటరీ తగిలి ధనవంతుడైనవాణ్ణి చూసి, వీడి నుదుటనే రాసుందని జనం అనుకున్నట్టు, తులన తన చీటీలనే తను నమ్మింది.

ఈ మాట ఆమె కొత్త కార్యదర్శికి చెప్పింది. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"పతకాలొచ్చాయా లేదా?"

"వచ్చాయండీ. కానీ ఆ డబ్బు దేనికిచ్చినా వచ్చుండేవేమో."

"ఏమో అంటున్నారు. అంటే మీకు తెలియదు. మన యంత్రాన్ని పదమూడు దేశాలు అడుగుతున్నాయి డాక్టర్‌గారూ. ఇప్పుడు తెలియదు అంటే బాగుంటుందా?"

ఆమె ఇంకో నాలుగేళ్లు ఆ ఉద్యోగంలోనే ఉంది. రెండో ఒలింపిక్స్ కూడా అయిపోయి, ఇంకా ఎక్కువ పతకాలొచ్చి, ఇంకో ఊరేగింపు జరిగాక రాజీనామా చేసింది. మొదట విశాఖపట్నం బస్సెక్కింది.

రత్నం గాజువాక దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో దొరికింది. ఇప్పుడు తులనకి కలిపిన తెర ఒకటి ప్రతి బడికీ వస్తోంది. పదేళ్లు నిండిన పిల్లల్ని ఒక సన్నటి పలక మీద నిలబెట్టి, ఛాతీకి బెల్టు కట్టి, కొలతలు తీసి, ఏ ఆటకి పనికొస్తారో, దేనికీ పనికిరారో అక్కడికక్కడే చెబుతారు. ఆ కొలతలు తీసే ఉద్యోగం రత్నానిది. డబ్బు ఆగిన ఆటలవాళ్లకి మండలి దయతలచి ఇచ్చిన ఉద్యోగం.

మధ్యాహ్నం భోజనాల వేళ వరండాలో బల్ల మీద ఇద్దరూ కూచున్నారు. హైమవతి దాచకుండా అంతా చెప్పింది. తెలియదని యంత్రం అనడం, చీటీలు, మూడు స్థానాల అంకెలు, గట్టు మీద తను ఆడిన అబద్ధం.

రత్నం క్యారియర్ మూత పెట్టేసింది.

"అయితే నాకు పతకం వచ్చేదాండీ?"

"తెలీదమ్మా."

"ఇప్పుడైనా నిజం సెప్పండి."

"ఇదే నిజం. వచ్చేదేమో, రాకపోయేదేమో. నాకూ తెలీదు, యంత్రానికీ తెలీదు."

రత్నం మైదానం వైపు తిరిగింది. "ఆ మాట అప్పుడే అనుంటే సాలునండీ" అంది. "వస్తాదని ఎవరు సెప్పారు కనక మాకు? తెలీకుండానే కదా రోజూ దూకేవాళ్లం. డబ్బులియ్యకపోయినా జట్టీ ఎక్కడికీ పోదు. దూకేదాన్ని. రాదని సైన్సే సెప్పిందంటే ఒగ్గేసాను."

"నన్ను క్షమించమని అడగడానికి రాలేదు. నీకు తెలియాలని..."

"నాకు తెలిసి ఏటి సెయ్యాలి మేడం? నాకిప్పుడు ఇరవయ్యేడు. ఇన్నాళ్లూ సైన్సు మాట అనుకుని మనసు కుదుటపెట్టుకున్నాను. అదీ లాగేసారు." గొంతు పెరగలేదు. "మా సారుకైనా సెప్పాల్సింది. అబద్ధాలకోరుననుకుంటా పోయాడు మడిసి."

రత్నం బల్ల మీద చెయ్యి వేసింది.

"ఈ బల్ల మీద కూచుని ఎంతమంది గుంటలకి సెప్పానో రాదని. ఏడిస్తే, నాకూ మిషను ఇలగే సెప్పిందమ్మా, అది అబద్ధం సెప్పదు అని ఊరుకోబెట్టేదాన్ని."

గంట కొట్టారు. రత్నం లేచి లోపలికి వెళ్లింది. హైమవతి గుమ్మం దగ్గరే నిలబడింది.

వరసలో తర్వాతి పిల్ల పేరు చైత్ర. వాళ్లమ్మ గుమ్మానికి ఆనుకుని చూస్తోంది. రత్నం బెల్టు కట్టింది, పలక మీద నిలబెట్టింది. తెర మీద అంకెలొచ్చాయి. రత్నం వాటి వంక చూసి, తెర ఆపేసింది.

"నేను ఏ ఆట ఆడాలక్కా?" అంది చైత్ర.

"నీకేదిష్టం?"

"మిషను ఏం చెప్పిందక్కా?"

"మిషనుకి తెలీదమ్మా. నీకు ఇష్టమైంది ఆడుకో."

పిల్ల మొహం వాడిపోయింది. "అందరికీ చెప్పింది కదా. నా ఒక్కదానికే ఎందుకు తెలీదు? నేనంత పనికిరానిదాన్నా?" అంటూనే ఏడుపు అందుకుంది.

"పనికిరావని కాదమ్మా, ఎవరికైనా ముందే తెలీదు" అని రత్నం ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూచుంది. పిల్ల వినలేదు. తల్లి లోపలికొచ్చి కూతుర్ని దగ్గరికి లాక్కుంది.

"పక్కింటి పిల్లకి ఫెన్సింగ్ అని చెప్పారు, వీధి చివర కుర్రాడికి షూటింగ్ అన్నారు. మా పిల్లకి వచ్చేసరికి తెలీదా? తెలీనివాళ్లని ఎందుకు కూచోబెట్టారిక్కడ?"

హెడ్మిస్ట్రెస్ వచ్చింది. ఫోన్ చేసింది. కాసేపటికి మండలి సూపర్‌వైజరు, నీటుగా టక్ చేసుకున్న కుర్రవాడు, బైకు మీద వచ్చి రత్నాన్ని లేవమన్నాడు. రత్నం లేచింది. మెడలోని గుర్తింపు కార్డు తీసి బల్ల మీద పెట్టి, క్యారియర్ తీసుకుని, హైమవతి పక్కనుంచే గేటు వైపు నడిచింది.

కుర్రవాడు తెర వెలిగించి గట్టిగా చదివాడు. "కనోయింగ్. పతకం వచ్చే అవకాశం ఏడు పాయింటు రెండు ఒకటి ఆరు శాతం. శభాష్."

చైత్ర కళ్లు తుడుచుకుని నవ్వింది. ఆ ఆట ఎలా ఉంటుందో ఆ పిల్ల ఎప్పుడూ చూడలేదు. తల్లి కూతురి జుట్టు సర్దుతూ బయటికొచ్చి, గుమ్మంలో ఉన్న పెద్దావిడని చూసి ఆగింది.

"చూశారాండీ" అంది హైమవతితో. "తెలిసినవాళ్లొస్తే నిమిషం పట్టలేదు."