ఎడమ వైపు పలకని పెట్టె

ఆ ఉదయం కూడా టీ కప్పు మెకానిక్ ఎడమ మోచేతి దగ్గరే దిగింది. ఇరవై ఎనిమిదేళ్ళుగా అది దిగే చోటు అదే. వంటింటి తలుపు అటు ఉంది కాబట్టి భార్య వచ్చేదీ ఆ వైపు నుంచే, కూర్చునేదీ ఆ వైపే, సాధించేదీ ఆ వైపు నుంచే.

"అంగడి మూయొద్దులెండి. ఏదో విసుగులో అన్నాను," అంది ఆమె గొంతు తగ్గించి.

మెకానిక్ ఉలకలేదు, పలకలేదు. బల్ల మీద ఓ పాత సీడీ ప్లేయరు మూత తెరుచుకుని, పేగులన్నీ బయటపెట్టుకుని పడి ఉంది. ఆయన దాని కడుపులోకి టార్చి వేసి చూస్తున్నాడు. కుడి పక్క కిటికీలోంచి బస్సుల రొద వస్తోంది. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగానే పడ్డాయి.

గొడవ మూడు వారాల నాటిది. ముందుగదిలోని రిపేరు అంగడి మూసేయమని ఆమె అంది. "ఈ డొక్కులు ఇంకెవరు తెస్తారండీ? గదిలోకి కాస్త గాలైనా వస్తుంది," అంది. "ఇక ఈ జన్మలో నీ మాట వినను," అని ఆయన కేకేశాడు. అలగడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. వీధిలో సగం మంది ఆయన్ని 'అలకల మేస్త్రీ' అంటారు. అందుకే ఆమెకి అనుమానం రాలేదు. అన్నాడు, అన్నంత పనీ చేస్తున్నాడు అనుకుంది.

ఆ మర్నాటి నుంచి ఆయనకి ఫ్యాను మీద అనుమానం. ఒకటే హోరు. నూనె పోశాడు, తగ్గలేదు. దించేశాడు, అప్పుడూ తగ్గలేదు. ఫ్రిజ్జు ప్లగ్గు పీకేస్తే పాలు విరిగాయి గానీ హోరు విరగలేదు.

అంతలో డాన్సు టీచరు ఈ ప్లేయరు తెచ్చింది. "మా పిల్లలకంటే ముందు ఇదే గెంతుతోందండీ," అంది. రెండు నెలల్లో వచ్చిన మొదటి పని. లెన్సు తుడవగానే గెంతడం ఆగిపోయింది. తీరా హెడ్‌ఫోను పెట్టుకుని వింటే ఎడమ వైపు చడీచప్పుడూ లేదు. అక్కణ్ణుంచి పాట సగం, పాట్లు పూర్తిగా. వైరు మార్చాడు. సాకెట్టు మార్చాడు. టంకం ఉన్న చోటల్లా మళ్ళీ టంకం వేశాడు. డిస్కు మార్చాడు, ఆఖరికి హెడ్‌ఫోనే మార్చాడు. ఎడమ వైపు మౌనవ్రతం వీడలేదు. ఇవాళ్టికి ఆరో రోజు.

ప్రెస్సులో ప్రూఫులు దిద్దే కూతురికి ఆ రోజు సెలవు. తండ్రికి కుడి పక్కన కూర్చుని పేపరు చూస్తోంది. అందులో కూడా తప్పులు దిద్దుతూ.

ఖాళీ కప్పు తీసుకెళ్ళడానికి భార్య మళ్ళీ వచ్చింది. ఆమెను చూసి మెకానిక్ గొంతు పెంచాడు. "దీన్ని తడిగుడ్డతో తుడిచావా నువ్వు?" అని మళ్ళీ పెట్టె మీదికి వంగాడు.

"మీ బల్ల మీద చెయ్యి వేసి ఎరగను," అంది ఆమె.

"చూశావా తల్లీ, అడిగితే జవాబివ్వదు," అని ఆయన కూతురి వైపు తిరిగాడు. "పెట్టె పలకదు, పెళ్ళాం పలకదు. ఎడమ పక్కంతా నా మీద పగబట్టింది."

"పలుకుతూనే ఉన్నాను కదండీ. మూడు వారాలుగా గోడకి చెప్పుకున్నట్టు చెప్పుకుంటున్నాను." ఆమె ఖాళీ కప్పు అందుకుంది. "ఇంత కక్ష పనికిరాదు మనిషికి."

కూతురు తలెత్తింది. అమ్మ ఏడుపు గొంతుతో మాట్లాడుతుంటే నాన్న ఇంకా తన వైపే చూస్తున్నాడు, సమాధానం కోసం. వినీ విననట్టు నటించే మొహం కాదది.

కూతురు బల్ల మీది హెడ్‌ఫోను తీసి తను పెట్టుకుంది. "రెండు వైపులా వస్తోంది నాన్నా."

"నీకు తప్పులు కాగితం మీదే దొరుకుతాయి. ఇటివ్వు."

"ఆ టీచరు ఒక వైపు రావట్లేదని చెప్పారా?"

మెకానిక్ ఆలోచించాడు. "ఆ ఊసే ఎత్తలేదు."

కూతురు హెడ్‌ఫోను తిరగేసి ఆయన తలకి పెట్టింది.

"తిరగేశావు. ఎడమది కుడికొచ్చింది."

"నువ్వు నేర్పిందే నాన్నా. తప్పెక్కడో తెలియకపోతే అటుదిటు మార్చి చూడమన్నావు. తప్పు కూడా చోటు మారితే అది వస్తువుది. ఇప్పుడు ఏ వైపు రావట్లేదు?"

ఆయన చెయ్యి మెల్లగా లేచి ఎడమ చెవి దగ్గర ఆగింది. హెడ్‌ఫోను తీసి సరిగ్గా పెట్టుకున్నాడు. మళ్ళీ తిరగేశాడు. మళ్ళీ సరిగ్గా పెట్టాడు. తర్వాత స్క్రూడ్రైవరు పక్కన పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆ బల్ల దగ్గర ఆ చేతులు ఊరికే ఉండటం భార్య ఎప్పుడూ చూడలేదు.

"అయితే ఫ్యాను మంచిదే," అన్నాడు.

ఆ సాయంత్రం చెవి డాక్టరు పరీక్షలన్నీ చేసి, కాగితం మీద గీతలు చూపించాడు. కుడి చెవి గీత పైన నడుస్తోంది, ఎడమది నేలకి దిగిపోయింది. "ఇలా ఉన్నట్టుండి వినికిడి పోతే మొదటి వారంలోనే రావాలండీ. మందులిస్తాను. ఆశ మాత్రం పెద్దగా పెట్టుకోకండి."

"పార్టు దొరకదా డాక్టరు గారూ?" అన్నాడు మెకానిక్. డాక్టరు నవ్వలేదు. భార్య తలుపు వైపు తిరిగి నిలబడింది.

"మొదటి రోజే మీ భుజం పట్టుకుని అరవాల్సింది," అంది దారిలో, కుడి పక్కకొచ్చి. "అలిగారనుకున్నాను."

"నేనూ నువ్వు అలిగావనుకున్నాను."

మర్నాడు డాన్సు టీచరు ప్లేయరు పట్టుకెళ్ళింది. పెద్ద లోపమేమీ లేదని, లెన్సు తుడిచానని చెప్పాడు. ఆవిడ వెళ్ళాక భార్య టీ కప్పు ఆయన కుడి మోచేతి దగ్గర పెట్టి, తన కుర్చీ కూడా అటు లాక్కుంది.

"అటైతే నీకు వంటిల్లు దూరం."

"మీరు దగ్గర."

"ఈ మూడు వారాలూ నాతో ఏం చెప్పావు?" అని అడిగాడు.

"రోజూ ఒకటే. అంగడి మూయొద్దులెండి అని."

ఆయన కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగిపోయింది. కప్పు కింద పెట్టి, కుర్చీ తిప్పి, ఎడమ చెవి ఆమె వైపు పెట్టాడు.

"ఇంకోసారి చెప్పు."

ఆమె వంగి, చెవికి నోరానించి చెప్పింది. ఊపిరి వెచ్చగా తగిలింది. మాట తగల్లేదు.

"ఊఁ," అన్నాడు తల ఊపి. "వినపడింది."

ఆమె కళ్ళు తుడుచుకుని, ఆ చెవిలోనే మళ్ళీ చెప్పింది.