తెర కట్టిన బండి

"ఇవాళ ఎక్కడికి పోదాం రాముడూ?"

ఇన్నీసుపేటలో అద్దెకి తీసుకున్న పెంకుటింటి అరుగు మీద వేపపుల్లతో పళ్ళు తోముకుంటూ అచ్యుతరామరాజు ప్రతి పొద్దునా అడిగే మాటే ఇది. బండి తోలే రాముడు ఎడ్లకి కుడితి పెడుతూ బుర్ర గోక్కున్నాడు. పట్నమంతా వాడికి కొట్టిన పిండే. అయినా రోజుకో కొత్త వింత కావాలంటే ఎవడు మాత్రం ఎక్కణ్ణించి పుట్టిస్తాడు?

"కలప తెప్పలు దిగాయండి బాబుగారూ, భద్రాచలం అడవుల్లోంచి. ఒక్కో దుంగా ఏనుగంత ఉందండి, ఆయ్."

"మొన్న చూపించేశాం కదరా."

"మొన్నటివి టేకండి. ఇవి వేరేనండి."

"దుంగకీ దుంగకీ తేడా అమ్మగారికేం తెలుస్తుంది? ఇంకోటి చెప్పు."

"అయితే ఆ ఎగువ రేవు పక్కకి..." అనబోయి రాముడు నాలిక కరుచుకున్నాడు. పట్నంలో ఎటైనా పో గానీ, కోటిలింగాల రేవుకి ఎగువన గట్టు మీదికి మాత్రం బండి తోలొద్దని రాజుగారి ఆజ్ఞ.

అచ్యుతరామరాజుది భీమవరం పక్కన పల్లెటూరు. పొలం సరిహద్దు తగాదా జిల్లా కోర్టుకెక్కి ఎంతకీ తెమల్లేదు. ఊరికీ పట్నానికీ పడవల మీద తిరగలేక, తల్లినీ భార్య అలివేలుమంగనీ ఏడాది నిండని కూతుర్నీ వెంటబెట్టుకుని శివరాత్రి వెళ్ళాక రాజమహేంద్రవరం వచ్చి కాపరం పెట్టాడు. రోహిణీకార్తె ఎండల్లో పిల్లకి జ్వరం తగిలింది. పిల్ల దక్కలేదు. సుభద్ర అని పేరు పెట్టినా అందరూ పాపాయి అనే పిలిచేవారు.

అప్పట్నించీ అలివేలుమంగ ఏడవలేదు. గుండెలు బాదుకోలేదు, తిండి మానలేదు. పెట్టింది తినేది, చెప్పింది చేసేది, పడుకోమంటే పడుకునేది. ఎవరేమడిగినా "ఊఁ" అనో "లేదండి" అనో ఒక్క ముక్క. ఏడ్చే మనిషైతే దగ్గర కూచుని ఓదార్చొచ్చు. ఇలాంటి మనిషిని ఏం చెయ్యాలి, మీరే చెప్పండి!

డాక్టర్ని పిలిపించారు. తెర కిందనించి చాపిన చెయ్యి పట్టుకుని నాడి చూసి, ఒంట్లో జబ్బేం లేదన్నాడాయన. "మనసు మళ్ళించండి రాజుగారూ. ఇంత పెద్ద పట్నంలో ఉన్నారు, రోజుకో కొత్త సంగతి చూపించండి" అని చెప్పి వెళ్ళాడు.

అంతే! ఆ మాట రాజుగారికి జడ్జీగారి తీర్పులా పట్టుకుంది. గోదావరి మీద కొత్తగా కడుతున్న రైలు వంతెన చూపించాడు. పొగ చిమ్ముతూ వచ్చే స్టీమరు చూపించాడు. ధవళేశ్వరం ఆనకట్ట చూపించాడు, అక్కడ లాకు తలుపులు తెరిస్తే పడవ కిందికి దిగే తమాషా చూపించాడు. రైలుస్టేషన్ చూపించాడు. సంతలో మాట్లాడే చిలకని చూపించాడు.

చూపించాడు అంటున్నానా, అక్కడే ఉంది అసలు సంగతి. ఆ రాజుల ఇళ్ళల్లో ఘోషా. ఆడది గడప దాటితే గూడుబండి ఎక్కాలి. బండికి ముందూ వెనకా ముతక ఎర్రగుడ్డ తెరలు కట్టాలి. తిరిగి ఇంటి లోపలికొచ్చాకే ఆ ముడి విప్పాలి. అమ్మమ్మల నాటినించీ అంతే. చూడమని తీసుకెళ్ళిన మనిషిని తెర లోపల కూచోబెట్టి ఊరంతా తిప్పడమేమిటని ఆ ఇంట్లో ఒక్కరికైనా తట్టలేదంటే నమ్ముతారా? తట్టలేదు. బండి పక్కన నడుస్తూ రాజుగారు మాత్రం నోరారా వర్ణించేవాడు.

"అదిగో మంగా, ఇనప దూలం పైకి లేస్తోంది! చూశావా?"

"ఊఁ."

"ఎలా ఉంది?"

"బావుందండి."

ఆ మాటకే ఆయన పొంగిపోయేవాడు. తెర లోపల ఆమెకి చీకటిగా ఉండేది. భయం లేదు, విసుగు లేదు, బాధ కూడా లేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూచునేది. పాపాయిని ఎత్తుకున్న బరువు ఆ చేతులకింకా తెలుస్తూనే ఉంది. బండి ఆగితే ఆగిందనుకునేది, కదిలితే కదిలిందనుకునేది.

ఓ రోజు రైల్లో రంపపు పొట్టులో పెట్టి తెచ్చారని ఐసుముక్క తెరలోంచి అందించాడు. "చల్లగా ఉందా?" అనడిగాడు. ఉందండి అంది. అది కరిగి నీరై చీరంతా తడిసేదాకా అలాగే పట్టుకుంది. అరచెయ్యి మొద్దుబారింది. పడెయ్యమని ఎవరూ చెప్పలేదు కాబట్టి పడెయ్యలేదు.

ఇదిగో ఇలా వింతలన్నీ అయిపోయి, చివరికి ఫొటో తీసేవాడి దాకా వచ్చింది వ్యవహారం. వంతెన దగ్గర బండి ఆపి, ఎడ్లకి మువ్వలపట్టీలు కట్టి, రాజుగారు తలపాగా సర్దుకుని చేతికర్ర పట్టుకుని నిలబడ్డాడు. ఫొటో తీసేవాడు నల్లగుడ్డ కింద తల పెట్టి, మళ్ళీ బయటికి తీసి, "లోపలివారు కూడా ఫొటోలోకి వస్తారాండీ?" అని నసిగాడు.

"రారూ మరి? ఆవిడ కోసమే కదయ్యా తీయిస్తుంట" అన్నాడు రాజుగారు.

ఆ ఫొటోయే ఇవాళ పొద్దున ఇంటికొచ్చింది. వింత వెతుక్కునే పని తప్పిందని సంబరపడి, అచ్యుతరామరాజు దాన్ని పట్టుకుని లోపలికి పరిగెత్తాడు.

లోపల తల్లి బంగారయ్యమ్మగారు మండువాలో పీట మీద కూచుని ఉన్నారు. ఆవిడకప్పటికే ఒళ్ళు మండుతోంది. పిల్ల పోయి నెలైనా కాకుండా షికార్లేమిటని ఇరుగుపొరుగు చెవులు కొరుక్కుంటున్నారు.

"ఇదిగోనమ్మా, ఫొటో!"

ఆవిడ కార్డు అందుకుని దూరంగా పట్టుకుని చూశారు. వంతెన స్తంభాలొచ్చాయి. ఎడ్లొచ్చాయి. మీసాలతో సహా రాముడొచ్చాడు. రాజుగారైతే దర్జాగా వచ్చాడు.

"బానే ఉందిగానీ, మీ ఆవిడేదిరా?"

"బండిలో ఉంది కదండీ."

"బండిలో తెరుందిరా!"

అచ్యుతరామరాజు ఫొటో లాక్కుని చూశాడు. తెరే ఉంది. గచ్చుగోడలా మడతైనా లేకుండా తెర. కార్డు తిప్పి వెనక వైపు కూడా చూశాడు. తల్లికి ఇన్నాళ్ళ కోపమూ అప్పుడే తన్నుకొచ్చింది.

"ఇంక చాలించు నాయనా ఈ తిరుగుళ్ళు. అదో రాయి. కన్నకూతురు పోతే కంట చుక్క నీరు పెట్టని దాన్ని వింతలు చూపిస్తూ తిప్పుతావా? ఆషాఢం వస్తోంది, పుట్టింటికి పంపించెయ్. మళ్ళీ పిలవనక్కర్లేదు. ఉండి ఊరి దగ్గర మా అన్నయ్య మనవరాలుంది, నీకు చేస్తాను. ఈ ఇంట్లో మళ్ళీ పసిపిల్ల గొంతు వినపడాలి."

"అమ్మా! అది వింటుందండీ."

"విననీ! విని ఏడిస్తే అంతకన్నానా?"

అలివేలుమంగ వంటింటి గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది. మొహంలో ఏ మార్పూ లేదు. అచ్యుతరామరాజు ఆమె దగ్గరికెళ్ళి మెల్లిగా అడిగాడు.

"మంగా, నిజం చెప్పు. వంతెన ఎలా ఉంది?"

"తెలీదండి."

"స్టీమరో? ఆనకట్టో? చిలకో?"

"తెర లోపల ఉన్నానండి. చిలక మాట్లాడింది వినపడింది."

"మరి బావుందన్నావేమే?"

"మీరు అడిగారండి, అందుకని."

ఆయన గోడకి ఆనుకుని అక్కడే కూలబడ్డాడు. ఇన్నాళ్ళూ కళ్ళు నిండేలా చూసిందెవరయ్యా అంటే తను! మనసు మళ్ళించుకున్నదీ తనే. తిట్టినా బావుండేది, ఆమె తిట్టలేదు. లోపలికి వెళ్ళబోయి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"ఆ రోజు కూడా తెర లోపలే ఉన్నానండి."

"ఏ రోజు?"

"పాపాయిని తీసుకెళ్ళిన రోజు. మగవాళ్ళొచ్చారు, లోపలికి పదమని అత్తయ్యగారు నా ఒళ్ళోంచి తీసుకున్నారు. తెర వేశారు. చెప్పులు తొడుక్కున్న చప్పుడు వినపడింది. అంతే నాకు తెలిసింది." ఆమె గొంతు బియ్యం అయిపోయాయని చెప్పినంత మామూలుగా ఉంది. "పట్నమంతా తిప్పుతున్నారు కదా, ఏదో ఒక రోజు అక్కడికి కూడా తీసుకెళ్తారనుకున్నాను. ఎక్కడ పెట్టారండీ పాపాయిని?"

బంగారయ్యమ్మగారి చేతిలో విసనకర్ర ఆగిపోయింది.

"తీసుకెళ్తాను మంగా, తప్పకుండా తీసుకెళ్తాను" అన్నాడు అచ్యుతరామరాజు తడబడుతూ. "రేపటి వాయిదా కానీ, ఎల్లుండి..."

గుమ్మం బయటనించి రాముడి దగ్గు వినపడింది. వినకూడని మాట విన్నందుకు వాడికి సిగ్గుగానే ఉంది. అయినా ఉండబట్టలేకపోయాడు.

"ఎల్లుండి దాకా ఆగేలా లేదండి బాబుగారూ. రాత్రే గోదాట్లోకి ఎర్రనీరు దిగింది. పాపాయిగారిని పెట్టిన ఆ తుమ్మచెట్ల కిందికి ఇవాళో రేపో ఎక్కేస్తుందండి. పొద్దున అదే చెప్పబోయానండి, తమరు వద్దన్నారని..."

అచ్యుతరామరాజు తల్లి వైపు చూశాడు. బిడ్డని పెట్టిన చోటికి తల్లి వెళ్ళడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. బంగారయ్యమ్మగారు కాదంటే కాదు. ఆవిడేమో కోడలి ఖాళీ చేతుల వైపు అలా చూస్తూ ఉండిపోయారు.

"నీకో అన్న ఉండేవాడురా" అన్నారు చివరికి. "నడక కూడా వచ్చింది వాడికి. తెల్లారగట్ట మీ నాన్నగారు ఉత్తరీయంలో చుట్టి తీసుకుపోయారు. ఎక్కడ పెట్టారో ఆయన చెప్పలేదు, నేనడగలేదు. అడక్కూడదన్నారు మా అత్తగారు. ఏ పొలం గట్టు తొక్కాలన్నా నాకిప్పటికీ భయమే. వాడు ఎక్కడ కాళ్ళకింద పడతాడోనని." కళ్ళు తుడుచుకుని గబుక్కున లేచారు. "బండి కట్టించు. నేనూ వస్తాను."

అత్తాకోడళ్ళిద్దరూ ఎక్కాక రాముడు అలవాటు కొద్దీ తెర కట్టాడు. ఈసారి రాజుగారు బండి పక్కన నడిచాడు గానీ ఒక్క ముక్క వర్ణించలేదు. కోటిలింగాల రేవు దాటి గట్టు మీదికెక్కి బండి ఆగింది. రాజుగారు తెర దగ్గరికొచ్చి, ముడి మీద చెయ్యి వేసి, విప్పనా వద్దా అని తటపటాయిస్తూ నిలబడ్డాడు. రేవులో చాకళ్ళున్నారు, పడవవాళ్ళున్నారు.

ఇంతలో లోపలినించే ముడి ఊడింది. బంగారయ్యమ్మగారు పళ్ళతో పట్టి లాగి విప్పారు. తెర ఎత్తి గూడు మీదికి విసిరేశారు. "దిగమ్మా" అన్నారు కోడలితో. "చూసేవాళ్ళని చూడనీ."

అలివేలుమంగకి ముందు వెలుతురు కళ్ళలో పొడుచుకుంది. తర్వాత గోదావరి కనిపించింది. అవతలి గట్టు కంటికి ఆనకుండా ఎర్రగా, అంత గోదావరి! గట్టు కింద తుమ్మచెట్లూ, వాటి మొదట్లో చిన్న మట్టిదిబ్బా ఉన్నాయి. కుక్కలు తవ్వకుండా పైన ముళ్ళకంప, కంప మీద రాయి. నీళ్ళు నాలుగడుగుల దూరంలో ఉన్నాయి.

దిగి నడిచింది. వంగి రాయి పక్కన పెట్టింది, కంప తీసింది. ముల్లు గుచ్చుకుంది.

"అమ్మా!" అంది.

ఆ ఒక్క నొప్పితో అరచెయ్యి బతికింది, చెయ్యి బతికింది, మనిషంతా బతికింది. మట్టి మీద పడి "పాపాయీ, నా తల్లీ, ఇక్కడున్నావా, ఇంత దగ్గరగా ఉన్నావా" అంటూ రేవంతా వినపడేలా ఏడ్చింది. బంగారయ్యమ్మగారు పక్కనే చతికిలబడి కోడలి తల ఒళ్ళోకి లాక్కున్నారు. ఇద్దరూ ఏడ్చారు. రాజుగారు కాస్త దూరంగా తుమ్మచెట్టు పట్టుకుని ఏడ్చాడు. చాకళ్ళు చూశారు, చూసి తలలు తిప్పుకున్నారు.

ఎండెక్కాక కంప మళ్ళీ కప్పి, రాయి పెట్టి, ముగ్గురూ బండి దగ్గరికొచ్చారు. తెర గూడు మీదే ఉంది. దాన్ని కట్టమని ఎవరూ అనలేదు.

ఇంటిదాకా అలివేలుమంగ వీధులన్నీ చూస్తూ వచ్చింది. దూరాన వంతెన కనపడితే, "అదేనాండీ అది? ఎంత పొడుగుందండీ!" అంది బొంగురుపోయిన గొంతుతో. అచ్యుతరామరాజు అవునన్నాడు. బండి దిగాక, అరుగు మీద నిలబడి, అలవాటైపోయిన ఆ మాటే భయంభయంగా అడిగాడు.

"రేపు ఎక్కడికి పోదాం మంగా?"

"అక్కడికేనండి" అంది. "నీళ్ళొచ్చేదాకా రోజూ అక్కడికే."