స్టీరింగ్ మీద ఒక్క వేలు

"మా ఇంటి దగ్గర్నుంచి ఇక్కడికొచ్చేలోపు మీరు స్టీరింగ్ మీంచి పదకొండుసార్లు వేలెత్తారు," అన్నాడు ఆర్లో.

కౌంటీ బస్సు ధాన్యం గిడ్డంగి ముందు ఆగి ఉంది. దిగాల్సినవాడు దిగకుండా డ్రైవరు సీటు వెనక నిలబడి ఈ మాట చెప్పాడు. థియా డ్రైవరుగా ఆ బస్సు ఎక్కి అది మూడో రోజు. అద్దంలోంచి అతన్ని చూసింది. ఇరవై రెండేళ్ళుంటాయి. మెడలో, చప్పుళ్ళు వినపడకుండా చెవులు మూసుకునే కప్పులు వేలాడుతున్నాయి. చూపు ఆమె మొహం మీద కాదు, చేతుల మీద ఉంది.

"లెక్కపెట్టడానికి మీకేమైనా జీతమిస్తున్నారా?"

"లేదు. ధాన్యంలో తేమ చూడ్డానికి ఇస్తారు. రెండు చేతులూ ఎప్పుడూ స్టీరింగ్ మీదే ఉండాలని డ్రైవింగ్ పుస్తకంలో ఉంది."

"ఎదురొచ్చినవాణ్ణి పలకరించకపోతే ఈ ఊళ్ళో నన్ను బతకనిస్తారా?"

"ఆ సంగతి ఏ పేజీలో ఉంది?"

థియాకి ఒళ్ళు మండింది. "దిగండి సార్. వెనక పెద్దవాళ్ళకి ఆస్పత్రి టైమవుతోంది."

అతను దిగిపోయాడు. ముందు వరసలో అల్లుకుంటూ కూర్చున్న బెర్నీస్ తల ఎత్తలేదు. "వెటకారం కాదమ్మాయ్. విల్మా మనవడు. వాడు అడిగాడంటే తెలీకే అడిగాడు."

మర్నాడు పొద్దున్న ఆర్లో బస్సెక్కగానే థియా అంది: "ఏ పేజీలోనూ లేదు. రాత్రి ఇంటికెళ్ళి మొత్తం చూశాను."

ఆర్లో మెట్టు మీదే నిలబడిపోయాడు. అతను పుట్టి బుద్ధెరిగినప్పట్నుంచి ఎన్నో ప్రశ్నలడిగాడు. కొందరు నవ్వారు, కొందరు విసుక్కున్నారు, బళ్ళో టీచర్లు తర్వాత చెబుతామన్నారు. ఇంటికెళ్ళి పుస్తకం తీసి చూసిన మనిషి మాత్రం ఇంతవరకూ తగల్లేదు. ఆకాశంలో కొత్త నక్షత్రమేదో కనిపించినట్టు అలా చూస్తూ ఉండిపోయాడు.

"ఎక్కు బాబూ, చలి లోపలికొస్తోంది," అన్నాడు వెనక సీట్లోంచి వర్జిల్. ఎనభై దాటిన రైతు. మోకాలికి కట్టు కట్టించుకోవడానికి వారానికి మూడుసార్లు ఆ బస్సెక్కుతాడు.

నెబ్రాస్కాలో ఆ మూల రోడ్లు తాడు పట్టి గీసినట్టుంటాయి. మైళ్ళ తరబడి మలుపుండదు. ఎదురుగా ఏదైనా బండి వస్తే ఆవగింజంతప్పుడే కనిపిస్తుంది. అది పెరిగి పెరిగి పక్కకొచ్చే క్షణంలో అందులోని మనిషి స్టీరింగ్ వదలకుండా చూపుడువేలు ఒక్కటీ పైకెత్తుతాడు. నువ్వూ ఎత్తాలి. తెలిసినవాళ్ళా కాదా అన్నది లేదు. ఎవరూ ఎవరికీ నేర్పలేదు, అందరికీ వచ్చు.

ఆర్లోకి రాదు.

ఆ శీతాకాలమంతా అతను డ్రైవరు వెనక సీట్లోనే కూర్చున్నాడు. మీరు కాస్తా నువ్వయింది. గోధుమల్లో తేమ ఎంతుంటే బూజు పడుతుందో అతను చెప్పాడు. తన తండ్రి ట్రాక్టరు మీంచి పడ్డాక ఇంటిల్లిపాదికీ తనే డ్రైవరెలా అయిందో ఆమె చెప్పింది. ఆర్లోకి ఆమె జడలో ఎన్ని పాయలో, ఎడమ చెవి వెనక పుట్టుమచ్చ ఎక్కడుందో తెలిసింది. ఆమెకి అద్దంలో అతని నుదురు తెలిసింది.

ఫిబ్రవరిలో ఒకరోజు మంచు కలిసిన వాన పడింది. పెద్దవాళ్ళెవరూ గుమ్మం దాటలేదు. బస్సులో ఇద్దరే. వైపర్లు కిరకిరలాడుతున్నాయి. ఆర్లో చెవులకి కప్పులు పెట్టుకుని, కాసేపటికి ఒకవైపుది మాత్రం పక్కకి జరిపాడు. ఆమె మాట్లాడితే వినపడాలిగా.

"మీ అమ్మమ్మకి కారుంది. నీకు లైసెన్సుందని బెర్నీస్ చెప్పింది. మరి రోజూ ఈ బస్సెందుకు?"

"లైసెన్సు పట్నంలో తీసుకున్నాను. అక్కడ ఎవరూ ఎవరికీ వేలెత్తరు. మూడేళ్ళుగా సొరుగులో ఉంది."

"వేలెత్తడానికి భయపడి కారు తియ్యవా?"

ఆర్లో గబగబా చెప్పేశాడు. "పదహారేళ్ళప్పుడు డెల్ మామయ్య కారు నేర్పిస్తున్నాడు. ఎదురుగా లారీ వచ్చింది. లారీ డ్రైవరు వేలెత్తాడు. నేనూ ఎత్తాలి. ఎంత ఎత్తాలి, ఎంతసేపు, ఎత్తకపోతే ఏమనుకుంటాడు. మొహం చూస్తే తెలుస్తుంది కదా అని మొహం చూశాను. మొహాలు చూసి తెలుసుకోవడం నాకు అసలే ఆలస్యం. తెలిసేసరికి కారు మొక్కజొన్న చేలో ఉంది."

థియా ఫక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకుంది.

"నవ్వొచ్చు. మామయ్య ఇప్పటికీ నవ్వుతాడు. కానీ ఆ ఆకులు అద్దానికి కొట్టుకున్న చప్పుడు నాకింకా వినిపిస్తుంది. కారు కుడికి పోయింది కాబట్టి చేలోకి పోయింది. ఎడమకి, లారీ మీదికి పోయుంటే మామయ్య ఉండేవాడు కాదు. నాకు ఆటిజం ఉంది, నీకు తెలుసు. అది ఉన్నవాళ్ళెవరూ నడపలేరని కాదు. గిడ్డంగికి వచ్చే గ్రాంట్‌కీ ఉంది, పద్దెనిమిది చక్రాల లారీ నడుపుతాడు. నాకు మాత్రం రోడ్డు మీద అన్నీ ఒకేసారి లోపలికి వచ్చేస్తాయి. గాలి, గీతలు, అద్దాలు. వాటన్నిటికీ తోడు ఎదురుగా ఒక మనిషి."

థియా బస్సు పక్కకి తీసి ఆపింది. వెనక్కి తిరిగి, మొదటిసారి అద్దంలో కాకుండా నేరుగా అతన్ని చూసింది. "నాకు రోజుకి రెండొందలమంది ఎదురొస్తారు. వాళ్ళలో ఒక్కణ్ణి కూడా నువ్వు చూసినంత శ్రద్ధగా నేనెప్పుడూ చూళ్ళేదు," అంది. ఆమె కళ్ళలో గోధుమరంగు చుక్కలున్నాయని ఆర్లో గమనించాడు.

మార్చి వచ్చింది. దాంతోపాటు పక్షులొచ్చాయి. ప్రతి ఏడూ ఆ నెల్లో బూడిదరంగు క్రౌంచ పక్షులు లక్షల్లో దక్షిణం నుంచి వచ్చి, ప్లాట్ నది ఇసుకతిన్నెల మీద కొన్ని వారాలుండి, ఉత్తరానికి వెళ్ళిపోతాయి. పగలంతా కోసేసిన చేలల్లో గింజలేరుకుని, పొద్దుగూకే వేళకి నదిలోకి దిగుతాయి.

"శనివారం సాయంత్రం మా పొలం పక్కన వంతెన దగ్గరికొస్తావా? పక్షులు దిగే టైముకి," అంది థియా రోడ్డు మీంచి కళ్ళు తిప్పకుండా.

"శనివారం బస్సు లేదు."

"తెలుసు. దాన్ని నడిపేది నేనే."

"నువ్వొచ్చి తీసుకెళ్తావా?"

థియా తల అడ్డంగా ఊపింది. "వారమంతా నేను అందరి గుమ్మాల ముందుకీ వెళ్ళి ఎక్కించుకుంటాను, దింపుతాను. ఇంటికెళ్తే నాన్నని. నాకోసం ఒక మనిషి బయల్దేరి వస్తే ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలనుంది, ఆర్లో. రాలేకపోతే కోపం రాదు. తీసుకెళ్ళడానికి మాత్రం నేను రాను."

"కోపం రాదంటే, నిజంగా రాదనా? వస్తుందని అర్థమా?"

"నిజంగా రాదు. బాధేస్తుంది."

"చెప్పినందుకు థాంక్స్," అన్నాడు ఆర్లో. గుండె మాత్రం మొక్కజొన్న చేలో పడ్డ కారులా దడదడలాడుతోంది. వంతెన ఆర్లో వాళ్ళింటికి పదకొండు మైళ్ళు.

బుధవారం బస్సులో లేచి నిలబడి అందర్నీ ఉద్దేశించి అడిగాడు. "మీరు ఎదుటివాళ్ళకి వేలెత్తినప్పుడు, వాళ్ళు తిరిగి ఎత్తారో లేదో చూస్తారా?"

"చూడకేం," అంది బెర్నీస్. "పాస్టరుగారి భార్య రెండేళ్ళుగా ఎత్తట్లేదు. నేను రాసిపెట్టుకున్నాను."

"ఆవిడకి నువ్వే కనిపించవు బెర్నీస్, స్టీరింగ్ కిందకి ఉంటావు," అన్నారెవరో. బస్సంతా నవ్వింది. థియా భుజాలు కూడా కదిలాయి.

వర్జిల్ నవ్వలేదు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "అరవై ఐదేళ్ళుగా ఎత్తుతున్నాను బాబూ. ఒక్కసారీ చూళ్ళేదు. నేను ఎత్తడం వరకే నా పని. అవతలివాడు రెండు చేతులతో పట్టుకుని పోతున్నాడంటే, పాపం గాలికి పట్టుకున్నాడనుకుంటాను."

ఆర్లో మెల్లగా కూర్చున్నాడు. ఆరేళ్ళుగా అతను మోస్తున్న లారీ డ్రైవరు, పేరూ ఊరూ తెలియని ఆ మనిషి, అసలు చూసే ఉండడా? ఆ ఆలోచన అతని లోపల కిటికీ తెరిచినట్టయింది.

గురువారం, శుక్రవారం విల్మా అమ్మమ్మ అతన్ని చర్చి వెనక ఖాళీ స్థలంలోనూ, తర్వాత కంకర రోడ్డు మీదా తిప్పింది. తిప్పేముందు కారులో వేలాడుతున్నవన్నీ పీకేసింది. రేడియో తీగ ఊడదీసింది. "నీ ముందు రోడ్డు తప్ప ఇంకేం ఉండకూడదు," అంది. శనివారం ఆమె అతని పక్కన కూర్చోలేదు. పండ్ల గుజ్జు నింపి కాల్చిన తీపి బన్నులు, కొలాచీల పొట్లం సీటు మీద పెట్టి తలుపేసింది. "ఆప్రికాట్‌వి ఆ అమ్మాయికి. చేరాక ఫోన్ చెయ్యి. దార్లో చెయ్యకు." అద్దంలో ఆమె కనిపించినంతసేపూ ఏప్రాన్ కొస పిడికిట్లో బిగించి గుమ్మంలోనే నిలబడి ఉంది.

మొదటి మైలు గంటకి ఇరవై మైళ్ళ వేగంతో నడిచింది. రెండో మైలూ అంతే. మూడో మైల్లో ఎదురుగా ఆవగింజ కనిపించింది.

ఆవగింజ ఎర్ర ట్రక్కయింది. దగ్గరికొచ్చింది. అద్దం వెనక ఒక వేలు లేచింది. ఆర్లో రెండు చేతులూ బిగించి రోడ్డు మీది తెల్ల గీతనే చూశాడు. గాలి కారుని ఒక్క తోపు తోసింది. ట్రక్కు వెళ్ళిపోయింది.

ఏమీ కాలేదు. ఆకాశం ఎక్కడుందో అక్కడే ఉంది.

ఆకాశం గుర్తొచ్చింది కాబట్టి ఒక్కసారి పైకి చూశాడు. పొరపాటు అక్కడే జరిగింది. పైన పక్షులు. వరసలు, వరసల మీద వరసలు, ఎవరో పడమటి అంచు నుంచి నూలు పోగులు విసురుతున్నట్టు. చూడకుండా ఉండలేడు, చూస్తూ నడపలేడు. ఆ రెండూ తెలుసు కాబట్టి సిగ్నలేసి, పక్కకి తీసి, ఆపి, నాలుగు లైట్లూ వెలిగించి, అప్పుడు చూశాడు.

ఆ రోడ్ల మీద ఆగిన కారుని దాటుకుని ఎవరూ పోరు. మొదట ఒకావిడ ఆగింది. "పెట్రోలా?" "పక్షులు," అన్నాడు ఆర్లో. తర్వాత ట్రక్కు వెనక గుర్రాల ట్రైలరు తగిలించుకెళ్తున్న ఒకతను ఆగాడు. "టైరా?" "పక్షులు." మూడోది తెలిసిన ట్రక్కే. నడిపేది వర్జిల్ కొడుకు, పక్క సీట్లో వర్జిల్.

"పక్షులా?"

"పక్షులే."

"అవి ఏప్రిల్ దాకా ఉంటాయి బాబూ. వంతెన మీద ఆ అమ్మాయి అన్నాళ్ళు ఉండదు. పద. నీ వెనక మేముంటాం, తొందరేం లేదు."

వంతెన దగ్గర థియా అప్పటికి అరగంటగా నిలబడి ఉంది. సూర్యుడు చెట్ల మీద ఆనుకున్నాడు. రాడులే అనుకుని జాకెట్టు జిప్పు పైకి లాక్కుంది. అప్పుడు దూరంగా రోడ్డు మీద పాత నీలం కారు కనిపించింది. ఊరేగింపులో దేవుడి పల్లకీలా వస్తోంది. దాని వెనక ఒక ట్రక్కు, దాని వెనక ఇంకొకటి, ఒక పాల లారీ, మొత్తం ఏడు. ఎవరూ దాటట్లేదు. ఒక్కరూ హారన్ కొట్టట్లేదు.

కారు ఆగింది. అమ్మమ్మకి ఫోన్ చేసి "చేరాను" అని మాత్రం చెప్పి ఆర్లో దిగాడు. చేతులు ఇంకా స్టీరింగ్ పట్టుకున్న ఆకారంలోనే ఉన్నాయి.

"వచ్చాను," అన్నాడు.

థియా తల ఊపింది.

అప్పుడే నది మీద ఆకాశం కిందికి దిగడం మొదలుపెట్టింది. వేలకి వేలు పక్షులు, కాళ్ళు వేలాడేసి, రెక్కలు గొడుగుల్లా పట్టి, నీళ్ళలోకి జారుతున్నాయి. ఒక్కో దాని గొంతులో మట్టికుండలో గవ్వలు దొర్లినట్టుండే పిలుపు. అన్నీ కలిసి నదినీ వంతెననీ ఎముకల్నీ వణికిస్తున్నాయి. ఆర్లో చెయ్యి అలవాటుగా మెడలో కప్పుల దగ్గరికెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ఇంత పెద్ద చప్పుడు, అయినా అతని లోపల అది ఒకటే చప్పుడు. రోడ్డు మీద అన్నీ వేర్వేరుగా వచ్చి మీద పడేవి. ఇవి అలా కాదు. లక్ష గొంతులు ఒక్కటై అతని చుట్టూ నిలబడ్డాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"నాలుగు వాక్యాలు రాసుకొచ్చాను," అన్నాడు చాలాసేపటికి. "చదవనా?"

"చదువు."

జేబులోంచి తేమ లెక్కలు రాసే చీటీ తీశాడు. "ఒకటి. నేనడిగినదానికి పుస్తకం తీసి చూసింది నువ్వొక్కదానివే. రెండు. నీ వెనక సీట్లో కూర్చుంటాను కాబట్టి నీ మొహం కంటే నీ జడ నాకు బాగా తెలుసు. మూడు. మొహం కూడా నేర్చుకోవాలనుంది, ఎంత ఆలస్యమైనా. నాలుగు. నువ్వంటే నాకిష్టం."

"పక్షుల గోలలో వినపళ్ళేదు," అంది థియా.

మళ్ళీ చదివాడు. మళ్ళీ వినపళ్ళేదంది. మూడోసారి ఇంకా గట్టిగా చదివాడు. వంతెన అవతలి చివర టోపీ కళ్ళ మీదికి లాక్కున్న వర్జిల్ పెదవులు కదిలాయి.

"మొదటిసారే వినపడింది," అంది థియా.

"మరి?"

"మూడుసార్లు వినాలనిపించింది. నాక్కూడా నువ్వంటే ఇష్టం. రాసుకురాలేదు, అంతే."

చీకటి పడుతోంది. థియా వాళ్ళిల్లు అక్కడికి మైలు. నడిచే వచ్చింది.

"నిన్ను ఇంటి దగ్గర దింపనా?" అని అడిగాడు ఆర్లో.

ఆ ప్రశ్న తనని ఎవరూ అడగలేదని థియాకి అప్పుడే తెలిసింది. కొలాచీల పొట్లం ఒళ్ళో పెట్టుకుని పక్క సీట్లో కూర్చుంది. తొక్కడానికి ఏమీ లేక కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆర్లో లైట్లు వేశాడు, అద్దాలు చూశాడు, బయల్దేరాడు. వెనకాల వర్జిల్ వాళ్ళ ట్రక్కు మెల్లగా కదిలింది.

సగం దూరంలో ఎదురుగా రెండు లైట్లు కనిపించాయి. ఆర్లో వేళ్ళు స్టీరింగ్ మీద బిగుసుకున్నాయి. లైట్లు పెద్దవయ్యాయి. థియా అది చూసింది. ఏమీ అనకుండా ముందుకి వంగి తన కుడిచెయ్యి అద్దం కింద డాష్‌బోర్డు మీద ఆనించి, చూపుడువేలు ఒక్కటీ పైకెత్తింది.

ఎదురొచ్చిన ట్రక్కు దాటిపోయింది. అందులోనూ ఒక వేలు లేచింది.

"నువ్వు నడుపు," అంది థియా. "వేలెత్తే పని నాది."