అడుగున ఉన్న పేరు

"నలభై ఒక్క ప్రాణాలు, టాకెట్! బెర్లిన్ రైలు నాలుగూ పదికి. ఇప్పుడు మూడున్నర."

కర్నల్ బ్రాంట్లీ ఫైలును బల్ల మీద విసిరాడు.

ఫ్రాంక్‌ఫర్ట్, 1947. జనరల్ క్రోవెల్ యుద్ధకాలపు కాగితాలు, ఆ తర్వాత జర్మనీని ఏలిన రెండేళ్ల కాగితాలు పెట్టెలకెక్కి అమెరికాకు వెళ్తున్నాయి. రష్యన్ల వైపు చిక్కుకుపోయిన అమెరికా వేగుల పేర్లన్నీ ఈ ఒక్క ఫైలులోనే ఉన్నాయి. ఉదయం చూస్తే దాని సీలు తెగి ఉంది.

"ఎవరో ఫోటోలు తీశారు. తాళాలు ఇద్దరి దగ్గరే ఉంటాయి. సార్జెంట్ డూలిన్ విమానాశ్రయం దారిలో ఉన్నాడు. టైపిస్టు ఇర్మ్‌గార్డ్ రైల్వే స్టేషన్‌లో ఉంది. నువ్వు తప్ప నమ్మదగ్గ మనిషి లేడు. ఎటు పోతావో తేల్చుకో."

"ఇర్మ్‌గార్డ్ రష్యన్ల కబుర్లు మనకు మోసేది కదా సార్?"

"అందుకే నా అనుమానం డూలిన్ మీద."

కెప్టెన్ టాకెట్ ఫైలు తెరిచాడు. మొదటి కాగితం మీద తన దస్తూరీయే. లోటె వీగాండ్, లైప్‌జిగ్. అతను చేర్చుకున్న మొట్టమొదటి వేగు. ఆ ఊరిని రష్యన్లకు అప్పగించి సైన్యం కదిలిన రోజున ప్లాట్‌ఫారం మీద ఆమె చెయ్యి కూడా ఊపలేదు. ఊరికే నిలబడింది.

అప్పుడు తట్టింది. అన్నిటికంటే పాత కాగితం పైనెందుకుంది?

"సార్, మనం కొత్త కాగితం పైన గుచ్చుతాం. ఫోటోల కోసం విప్పి మళ్లీ గుచ్చారు; పదేళ్ల సర్వీసున్న డూలిన్ నిద్రలో కూడా ఇలా గుచ్చడు. పాతది పైన పెట్టి పుస్తకంలా కట్టేది బెర్లిన్ ప్రభుత్వ ఆఫీసుల్లో. ఇర్మ్‌గార్డ్ అక్కడ ఎనిమిదేళ్లు గుమాస్తా!"

నాలుగూ తొమ్మిదికి, బెర్లిన్ బండిలో పోర్టరు టోపీ పెట్టుకున్న మనిషొకడు ఇర్మ్‌గార్డ్ ముందు నిలబడ్డాడు.

"సాగనంపడానికా కెప్టెన్ గారూ?" ఎర్రని పెదవులు విచ్చుకున్నాయి. "ఆ టోపీ మీకు బొత్తిగా నప్పలేదు."

"సిగరెట్‌కి నిప్పుందా?"

ఒళ్లో వెండి లైటరు పెట్టుకుని ఆమె అగ్గిపెట్టె అందించింది.

టాకెట్ లైటరు మీద చెయ్యి వేశాడు. ఆమె గోళ్లు అతని మణికట్టులో దిగాయి. విజిల్ మోగింది. కదులుతున్న బండిలోంచి లైటరునూ, ఆమెనూ కలిపే కిందికి లాగాడు. లైటరు అడుగు తిప్పితే సన్నని ఫిల్ము చుట్ట బయటపడింది.

"ఎక్కడ తప్పాను?"

"ఫైలు మరీ పద్ధతిగా సర్దావు."

ఆమె నవ్వింది. "ఆ లోటెని నడివీధిలో వదిలేసి పోయింది మీరు. నేను అమ్మబోయానంతే."

టాకెట్ ఫిల్ము చుట్టను జేబులో వేసుకున్నాడు.

సాయంత్రం అతనే ఫైలు మళ్లీ గుచ్చాడు. కొత్త కాగితం పైకి, లోటె అట్టడుక్కి.

"అంతా సరిగ్గా ఉందా?" అని అడిగాడు కర్నల్.

"ఉంది సార్. మనల్ని అందరికంటే ముందు నమ్మినవాళ్లు, మన పద్ధతి ప్రకారం, అందరికంటే అడుగునే ఉన్నారు."