సాక్ష్యాల ఆదివారం

ఎలిజబెత్ తెల్లచీర ఇస్త్రీ చేస్తూ కూతురిని నాలుగోసారి పిలిచింది. ఆరాధన తొమ్మిదింటికి. ఇవాళ కైకలూరు చర్చిలో సాక్ష్యాల ఆదివారం. తల్లీకూతుళ్ళిద్దరూ ముందుకొచ్చి దేవుడు చేసిన మేలు చెబుతారని ఆవిడ పాస్టరుగారికి ముందే పేర్లు ఇచ్చేసింది. పిల్లని ఒక్క మాట అడగలేదు. ఆవిడ పద్ధతే అంత.

ఇంతకీ ఆ మేలేమిటంటే, కూతురు పెర్సిస్ ఎనిమిది నెలలుగా ఇంట్లో కూర్చుని ప్రోగ్రామింగ్ నేర్చుకుంది. పైసా కట్టక్కర్లేని వెబ్‌సైటు. ఒక అభ్యాసం ఇస్తుంది, మనం కోడ్ రాస్తే అక్కడికక్కడే సరిచూస్తుంది, కుదిరితే పచ్చ టిక్కు పడుతుంది. మొత్తం మూడు వందలూ పూర్తయ్యాయి. గురువారం ఏలూరులో ఇంటర్వ్యూకి కూడా వెళ్ళొచ్చింది. ఎలా జరిగిందే అంటే బాగానే అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఎలిజబెత్, శుక్రవారం ఉపవాస ప్రార్థనలో అందరికీ ఉద్యోగం వచ్చేసిందని చెప్పేసింది.

పెర్సిస్ గదిలోంచి వచ్చి, తను రానంది.

తల్లికి ఒళ్ళు మండిపోయింది. నాలుగు ముక్కలు రాగానే మేము నామోషీ అయిపోయామా అంది. చేపల చెరువు మీద మేత వేసేవాడి కూతురివని చెప్పుకోడానికి సిగ్గా అంది. గుమ్మంలో చొక్కా గుండీలు పెట్టుకుంటున్న తండ్రి జయరాజు, ఒంట్లో బాగాలేదేమోనే అన్నాడు. ఆయన మాట ఆ ఇంట్లో ఎప్పుడు చెల్లింది గనక.

"ఉద్యోగం రాలేదమ్మా," అంది పెర్సిస్. "రాదు కూడా. నేను టిక్కు తెచ్చుకున్న లెక్కే ఒకటి ఇచ్చి, కాగితం మీద రాయమన్నారు. ఒక్క లైను రాయలేకపోయాను."

"మరి ఆ టిక్కులన్నీ?"

"ప్రతిదాని కిందా జవాబు చూడండి అని ఉంటుంది. చూసి ఎక్కించేశాను. సగం పైన అలాగే."

ఎలిజబెత్ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది. పిల్ల చేత ఎనిమిది నెలలు ఒక్క గిన్నె తోమించలేదు ఆవిడ. "ఎవర్ని మోసం చేద్దామనే?"

పెర్సిస్ గోడకి చేరబడి కింద కూలబడింది. "మొదట్లో ఒక్కోదాని మీద రెండేసి రోజులు కూర్చునేదాన్నమ్మా. అప్పుడే నిజంగా వచ్చేది. రోజూ సాయంత్రం కుటుంబ ప్రార్థన ముందు, ఎన్ని అయ్యాయి అని అడిగేదానివి. కాలేదంటే మోకాళ్ళ మీద పడి, దేవా, ఇవాళ పిల్లకి ఒక్కటీ కాలేదు అని ఏడ్చేదానివి. నేను పక్కనే ఉండి వినేదాన్ని. ఎన్నాళ్ళు వింటానమ్మా?"

ఎలిజబెత్ వచ్చి పిల్ల పక్కనే కింద కూర్చుంది. తను ప్రేమ కొద్దీ చేసిన ప్రార్థనే అది.

చివరికి పెర్సిస్ కూడా చర్చికి వచ్చింది గానీ, పాస్టరుగారు పేర్లు పిలిచినప్పుడు ఎలిజబెత్ ఒక్కతే లేచి ముందుకెళ్ళింది.

"మా అమ్మాయికి ఉద్యోగం వచ్చిందని చెప్పానండి. రాలేదు. అది నాతో ఆ మాట అననే లేదు. నేనే అనేసుకుని, నేనే చెప్పేశాను. దాని చదువు పాడుచేసింది కూడా నేనేనండి. దయచేసి దాన్నెవరూ ఏమీ అడక్కండి."

ప్రతి సాక్ష్యం తర్వాతా అందరూ అనే స్తోత్రం ఈసారి ఎవరూ అనలేదు. ఆవిడ తలవంచుకుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది.

"మళ్ళీ మొదలుపెట్టినా వస్తుందో రాదో తెలీదమ్మా," అంది పెర్సిస్ మెల్లగా. "నామీద నాకే నమ్మకం పోయింది."

"రాకపోతే రాకపోనీయే. నేనింక అడగను."

ఎనిమిది నెలలుగా ఆ మాట కోసమే చూసిన పిల్ల, తల్లి ఒడిలో తల పెట్టుకుని అంతమందిలోనూ వెక్కి వెక్కి ఏడ్చింది.